చెరువు దాటాక: తెలుగు నీళ్లపై దూరప్రయాణాల చర్చ

పడవ షికారు అంటే మన రెండు రాష్ట్రాల్లో చాలాకాలం ఒకే అర్థం ఉండేది. హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దాకా వెళ్లి రావడం, లేదా నాగార్జున సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి చీకటి పడేలోగా ఒడ్డు చేరడం. ఎక్కిన రేవులోనే దిగుతాం, దారి పొడుగునా ఒడ్డు కంటికి కనబడుతూనే ఉంటుంది. గత ఇరవై ఏళ్లలో ఈ షికారు నిడివి పెరిగింది. సాగర్ నుంచి శ్రీశైలం దాకా వంద కిలోమీటర్ల పైచిలుకు లాంచీ ప్రయాణం వచ్చింది. పాపికొండల యాత్ర రోజంతా సాగే పర్యటనగా స్థిరపడింది. విశాఖ రేవుకు విహార నౌకలు వస్తున్నాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా జలమార్గం కాగితాల మీద సిద్ధంగా ఉంది.

దాంతో చర్చ కూడా పెరిగి చిక్కుపడింది. పర్యాటకం వాళ్లకు ఇది పెట్టుబడుల లెక్క, అధికారులకు అనుమతుల వ్యవహారం. ప్రమాదాల్లో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు న్యాయం సంగతి. అటవీశాఖ పులుల గురించి, మత్స్యకారులు వలల గురించి మాట్లాడతారు. వీళ్లలో ఎవరి మాటా తీసిపారేయదగ్గది కాదు. కానీ పడవ ఎంత పెద్దది, రేవు ఎక్కడ కట్టాలి, టికెట్ ఎంత అన్న వాటి మీద జరిగినంత చర్చ నీటి మీద జరగలేదు. చెరువులో నడిచే పడవను ఏటిలోకి, ఏటి పడవను కడలిలోకి తీసుకెళ్లేటప్పుడు అసలు మారేది నీరే. ఈ సమీక్ష వాదాలన్నిటినీ ఆ కొలతతోనే చూస్తుంది.

నీటి నీటికీ తేడా

చెరువులోనూ, జలాశయంలోనూ సరంగుకు ఎదురయ్యేది గాలి. నాగార్జున సాగర్ విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు. అంత పరపు మీద గాలికి అడ్డుండదు కాబట్టి ఈదురుగాలి లేస్తే కాసేపట్లోనే పొట్టిగా, నిటారుగా అలలు పుడతాయి. అయినా గాలి పడిపోతే నీరు సద్దుమణుగుతుంది, ఇంజన్ ఆగిపోయినా పడవ ఉన్నచోటి నుంచి పెద్దగా కదలదు.

ఏటిలో ఇంజన్ ఆగితే పడవ ఆగదు. ఈ ఒక్క తేడాతో మిగతా లెక్కలన్నీ మారిపోతాయి. గంటకు 15 కిలోమీటర్లు పోయే లాంచీకి నిలవనీటిలో 60 కిలోమీటర్లు వెళ్లి రావడానికి ఎనిమిది గంటలు చాలు. అదే లాంచీ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పారే ఏటికి ఎదురెక్కితే పోవడానికి ఆరు గంటలు, రావడానికి మూడు, మొత్తం తొమ్మిది గంటలు. ఏటి వేగం 10 కిలోమీటర్లయితే ఎదురు ప్రయాణానికే పన్నెండు గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు కలిసొచ్చే వేగం పోయేటప్పుడు పోగొట్టుకున్న సమయాన్ని పూడ్చదు. డీజిలు లెక్కా అంతే. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఆపదకు మూడో వంతు అని పడవలవాళ్లు పాటించే పాత సూత్రాన్ని ఏటిలో వేగాన్ని బట్టి తిరగరాసుకోవాలి.

దిగువకు వచ్చేటప్పుడు ఇంకో చిక్కుంది. చుక్కాని తన పక్కనుంచి నీరు పారితేనే పనిచేస్తుంది. ఏటివాలులో పడవ నీటితో సమానంగా కొట్టుకుపోతుంటే చుక్కాని ఎంత తిప్పినా ముక్కు తిరగదు. పట్టు చిక్కాలంటే ఏటికన్నా వేగంగా పోవాలి. అంటే ప్రమాదం వైపు ఇంకా వేగంగా పోతూనే దాన్ని తప్పించుకోవాలి. చెరువులో ఏళ్ల తరబడి లాంచీ నడిపిన చేతులకు ఈ అనుభవం ఉండదు.

కాలువ ఏటికన్నా సాధువు, కానీ వెడల్పు తక్కువ, వంతెనలు కిందికి ఉంటాయి, లాకుల దగ్గర ఆగక తప్పదు. సముద్రంలో ఒడ్డుకు దూరంగా ఉన్న నీటికన్నా మొగ దగ్గరి నీరే భయపెడుతుంది. పాటు సమయంలో బయటికి పారే ఏటినీరు లోపలికి వచ్చే అలలకు ఎదురైతే అలలు కుదించుకుని నిటారుగా లేస్తాయి. మొగలో ఇసుకమేటలు ఏటా చోటు మారతాయి. నిరుడు లోతున్న దారిలో ఈ ఏడు పడవ తగులుకోవచ్చు. గోదావరి, కృష్ణ మొగల దగ్గర బతికే మత్స్యకారులకు ఇది తెలిసిన సంగతే, పర్యాటక ప్రణాళికల్లో మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

ఒకప్పుడు సాగిన దారి

దూరప్రయాణం మన నీళ్లకు కొత్తది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువలు సాగుతోపాటు రవాణాకూ పనికొచ్చాయి. ఏలూరు కాలువ గోదావరి డెల్టాను కృష్ణతో కలిపింది. కృష్ణ అవతల కొమ్మమూరు కాలువ పెదగంజాం చేరేది. అక్కడి నుంచి తీరం వెంబడి ఉప్పుకాలువ మద్రాసుకు, ఆపైన మరక్కాణానికి సాగేది. 1876-78 నాటి కరువులో కూలీలతో పనిచేయించి మద్రాసు దగ్గరి లంకె కలిపాక, అప్పటి గవర్నరు పేరు మీద అది బకింగ్‌హామ్ కాలువ అయింది. కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో దిగేది.

ఆ ప్రయాణాన్ని నడిపించింది లాకులు. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల అడుగున తూములు ఎత్తితే నీరు సుడులు తిరుగుతూ లోపలికి వస్తుంది, పడవ గోడల వెంబడి మెల్లగా పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమైతే తప్ప తలుపులు తెరుచుకోవు, నీటి ఒత్తిడే వాటిని బిగబట్టి ఉంచుతుంది. లాకు దాటాక ఇద్దరు ముగ్గురు గట్టున దిగి తాడు భుజానికి వేసుకుని పడవను లాగేవాళ్లు. వేగం తక్కువే, కానీ ప్రతి లాకు దగ్గరా నీటిమట్టం చూసే మనిషి, పడవను ఆపే అధికారం ఉండేవి. నేటి పర్యాటక మార్గాల్లో లోపించింది సరిగ్గా ఇదే అంశం.

ఇదే పద్ధతిని ఎగువ గోదావరికి విస్తరించబోయి అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం ఓడిపోయింది. వార్ధా లోయ పత్తిని నీటిదారిన కాకినాడకు దించాలని దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహితల దగ్గరి రాతి అడ్డంకులను ఆనకట్టలు, లాకులతో దాటించే పని మొదలుపెట్టారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ కట్టారు. నీరు చాలినంత ఉండే నెలలు కొన్నే, ఖర్చు మాత్రం ఏటా. 1867 నాటికి నాగపూర్‌కు రైలు వచ్చేసింది. 1871లో పని వదిలేశారు. డెల్టాలో నెగ్గిన పద్ధతి కొండల నడుమ నెగ్గలేదు. నీరు మారితే పాత నైపుణ్యం చాలదని చెప్పే తొలి పెద్ద ఉదాహరణ ఇది. నేటి ప్రతిపాదనల్లో దీని ఊసే లేకపోవడం పెద్ద లోటు.

తర్వాత రైలు, రోడ్డు కలిసి డెల్టా పడవల్నీ మింగేశాయి. కాలువలు పూడిపోయాయి, లాకుల తలుపులు తుప్పుపట్టాయి.

పెద్ద నౌకల వాదం

ఈ వాదానికి ఆధారం జాతీయ జలమార్గం-4. 2008లో ప్రకటించినప్పుడు అందులో కాకినాడ-పుదుచ్చేరి కాలువలు, గోదావరిలో భద్రాచలం-రాజమండ్రి మధ్య 171 కిలోమీటర్లు, కృష్ణలో వజీరాబాద్-విజయవాడ మధ్య 157 కిలోమీటర్లు ఉన్నాయి. 2016 చట్టం దీన్ని 2,890 కిలోమీటర్లకు పెంచింది. ముక్త్యాల-విజయవాడ మధ్య 82 కిలోమీటర్ల తొలి దశకు 2017లో శంకుస్థాపన జరిగింది. సరుకు రవాణాకు దారి తీస్తే దాని వెంటే విహారయాత్రలూ వస్తాయని ఈ పక్షం నమ్మకం.

వీళ్లు చూపించే నమూనా గంగా విలాస్. 2023 జనవరిలో వారణాసి నుంచి బయల్దేరి బంగ్లాదేశ్ మీదుగా దిబ్రూగఢ్ దాకా 3,200 కిలోమీటర్లు తిరిగిన నౌక అది. పొడవు 62 మీటర్లు, నీటిలో మునిగేది 1.4 మీటర్లు మాత్రమే. ఛప్రా దగ్గర మేటలో చిక్కుకుందని వార్తలు వచ్చాయి, అధికారులు ఖండించారు, నౌక అనుకున్న వేళకే పట్నా చేరిందన్నారు. ఆ వివాదంలో ఎవరు చెప్పింది నిజమైనా ఒక సంగతి మిగులుతుంది. గంగలో లోతుదారి గుర్తించి, పూడిక తీసి, ఏటా కొలిచే యంత్రాంగం ఉంది కనుకనే ఆ నౌక కదిలింది. మన గోదావరిలో వేసవిలో భద్రాచలం ఎగువన నడుములోతు నీళ్లు, శ్రావణంలో కొండల్ని కోసే వరద. ఇలాంటి ఏటికి ముందు కావలసింది కొలతల పని, నౌక ఆ తర్వాత. పెద్ద నౌకల వాదం ఈ వరసను తలకిందులు చేస్తోంది.

మెట్టుమెట్టుగా ఎక్కాలనే వాదం

ఇది తెరచాప వాళ్ల నుంచి వచ్చిన ఆలోచన. హుస్సేన్ సాగర్‌లో ఏటా జరిగే సెయిలింగ్ పోటీల్లో పదేళ్ల పిల్లలు ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవల్లో గాలి చదవడం నేర్చుకుంటారు. ఈ పక్షం ప్రకారం దూరప్రయాణం మనిషిలో మొదలవుతుంది, పడవ పొడవులో మొదలవదు. చిన్న పడవ, తర్వాత తీరం వెంబడి పగటి ప్రయాణం, తర్వాత రాత్రి, ఆ తర్వాతే ఒడ్డు కనబడని నీరు.

నౌకాదళం దీన్ని ఆచరించి చూపింది. ఆరుగురు మహిళా అధికారులతో తారిణి అనే తెరచాప పడవ 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. వాళ్లలో విశాఖ అమ్మాయి పి.స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి.ఐశ్వర్య ఉన్నారు. పడవ 55 అడుగులే. దానికి ముందు వాళ్లు మాదేయి పడవపై మారిషస్ దాకా, కేప్‌టౌన్ దాకా వెళ్లొచ్చారు. చివరి అంకంలో చుక్కాని యంత్రం మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. అనుకోని రేవులో ఆగాలన్న నిర్ణయం తీసుకోగలగడం కూడా ఆ శిక్షణలో భాగమే.

ఈ వాదం సబబైనదే, కానీ దీని పరిధి చిన్నది. తెరచాప నేర్చేది కొద్దిమంది. పాపికొండలకు వెళ్లేది కుటుంబాలతో వచ్చే మామూలు జనం. వాళ్లకు నేర్పలేం. వాళ్లను తీసుకెళ్లే సరంగుకే ఆ మెట్లన్నీ వర్తించాలి.

కచ్చులూరు చెప్పిన పాఠం

చెరువు క్షేమం, ఏరు ప్రమాదం అనే తేలిక విభజన కుదరదు. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని మోసుకెళ్తున్న బార్జి ఒరిగి విగ్రహం మునిగింది హుస్సేన్ సాగర్‌లోనే, మనుషుల ప్రాణాలూ పోయాయి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర ఇరవై మందికి పైగా చనిపోయింది ప్రకాశం బ్యారేజీ వెనక నీళ్లలోనే. పడవకు మించి ఎక్కించడం, అందరూ ఒక పక్కకు జరగడం, అనుమతి లేకుండా నడపడం ఏ నీటిలోనైనా ముంచుతాయి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది వేరు. మైదానంలో కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే గోదావరి అక్కడ కొండల మధ్య ఇరుకవుతుంది. ఇరుకైన నీరు లోతుకు దిగుతుంది, వంపు తిరిగేచోట బండకు కొట్టుకుని సుడులు లేస్తాయి. ఆ రోజు ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులకు అటూఇటూ ఉంది, అంటే సెకనుకు 14 వేల ఘనపు మీటర్లు. పర్యాటకుల పడవ బోల్తాపడి దాదాపు 50 మంది పోయారు. పడవ రెండు వందల అడుగులకు పైగా లోతున కూరుకుంది. నిపుణుల బృందాలు వచ్చి వెతికాయి. చివరికి అక్టోబరు 22న లంగర్లు, ఇనుప తాళ్లతో దాన్ని పైకి తెచ్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం.

ఆ తర్వాత చర్చంతా లైఫ్ జాకెట్ల చుట్టూ, పడవ యోగ్యతాపత్రాల చుట్టూ తిరిగింది. కంట్రోల్ రూములు కట్టాలని నిర్ణయించారు, పాపికొండల యాత్ర చాలాకాలం ఆగింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ ఆ రోజు ప్రవాహాన్ని ఇంకో అంకెతో పోల్చి చూడాలి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేది సుమారు 10 లక్షల క్యూసెక్కులకు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. ఈ మెట్లన్నీ లంకగ్రామాలు మునగకుండా, పొలాలూ పశువులూ దక్కేలా వేసుకున్నవి. ఊళ్లకు ఏ ప్రమాదమూ లేని 5 లక్షల క్యూసెక్కుల నీరే కొండల ఇరుకులో పడవకు మృత్యువైంది. వరద హెచ్చరిక లేదు కనుక పడవ వదలొచ్చన్న తర్కం ఆ ఇరుకులో చెల్లదు. పడవలకు వేరే గేజి ఉండాలి. ప్రతి ఇరుకుకూ, ప్రతి వంపుకూ ఎన్ని క్యూసెక్కుల దగ్గర ఏ పడవ ఆగాలో ముందే రాసి రేవులో కట్టాలి. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా తొందరగా తేలాల్సిన అంశం ఇదే.

చట్టం కొలిచేదేమిటి

1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. ఒక రాష్ట్రం ఇచ్చిన పత్రం దేశమంతటా చెల్లుతుంది, ఇది మేలైన మార్పే. నీటి ప్రాంతాలను అందులో మండలాలుగా విడగొట్టేది అలల ఎత్తును బట్టి. మొగలకు, పెద్ద జలాశయాలకు అది సరైన కొలత. కానీ పాపికొండల ఇరుకులో అల లేకుండానే నీరు చంపుతుంది. పైకి నున్నగా కనబడే ప్రవాహం అడుగున బండల మీదుగా మెలికలు తిరుగుతుంటుంది. అలల కొలతకు తోడు ప్రవాహ వేగాన్నీ చేర్చాలని కోరేవాళ్ల వాదన బలమైనది.

సరంగు పత్రం విషయం కూడా ఇలాంటిదే. ఓడరేవుల్లోకి పెద్ద ఓడను తెచ్చేటప్పుడు ఎంత అనుభవజ్ఞుడైన కెప్టెనైనా ఆ రేవు పైలట్‌ను ఎక్కించుకుంటాడు, ఎందుకంటే ఆ నీరు తెలిసింది పైలట్‌కే. అదే పద్ధతిలో సరంగుకు పడవ లైసెన్సుతోపాటు ఫలానా రేవు నుంచి ఫలానా రేవు దాకా అన్న దారి లైసెన్సూ ఉండాలని కొందరంటారు. దీనికి ఎదురు చెప్పేవాళ్లు అలాచేస్తే మనుషులు దొరకరని, ఖర్చు పెరుగుతుందని అంటారు. మనుషులు దొరక్కపోవడం నిజమే. కానీ కొండ గ్రామాల్లో నాటు పడవలు నడిపే వాళ్లకు ఆ దారి తెలుసు. పరీక్ష తెలుగులో, నోటితో, నీటి మీదే పెడితే దొరుకుతారు.

అడవి, ఊరు, ఇంధనం

సాగర్-శ్రీశైలం దారి నల్లమల పులుల అభయారణ్యం పక్కనుంచి, గోదావరి దారి పాపికొండల జాతీయ ఉద్యానం గుండా పోతుంది. రాత్రి బస, శబ్దం, ప్లాస్టిక్ మీద అటవీశాఖ అభ్యంతరాలు న్యాయమైనవి. డీజిలుకు బదులు బ్యాటరీలు వాడమనే వాళ్లు కేరళను చూపిస్తారు. వైక్కం దగ్గర 2017 నుంచి నడుస్తున్న ఆదిత్య సౌరపడవ, 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో నిజంగా మెచ్చదగ్గవి. అయితే అవి పొట్టి దూరాలు, రేవులో చార్జింగ్ దొరికే నీళ్లు. హుస్సేన్ సాగర్‌కు, భవానీ ద్వీపానికి రేపే సరిపోతాయి. దారిలో కరెంటు స్తంభం లేని వంద కిలోమీటర్ల కొండ నీళ్లకు ఇంకా సరిపోవు.

తేలనివి

మొదటిది పోలవరం ప్రాజెక్టు. జలాశయం 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నిండితే పాపికొండల ఇరుకులో నీరు లేస్తుంది, మామూలు రోజుల్లో వేగం తగ్గుతుంది, ఇప్పుడు భయపెట్టే బండలు లోతున పడతాయి. ఏరు చాలా నెలలు చెరువవుతుంది. అప్పుడు దూరప్రయాణం సులువవుతుందని పర్యాటక వర్గాల ఆశ. కానీ పెద్ద వరద వచ్చి గేట్లెత్తినప్పుడు ఆ చెరువే మళ్లీ ఏరవుతుంది, మునిగిన చెట్లూ ఇళ్ల మొండిగోడలూ పడవ అడుగున ఉంటాయి. సరంగులు కళ్లతో నేర్చుకున్న గుర్తులన్నీ నీటి కిందికి పోతాయి. వాటితోపాటు కొండరెడ్ల ఊళ్లూ పోతాయి. తమ ఊరి మీదుగా సాగే విహారయాత్రలో ఆ ఊరివాళ్లకు ఏ పాత్ర దక్కుతుందన్న ప్రశ్నకు ఏ ప్రణాళికలోనూ జవాబు లేదు. పునరావాస కాలనీల్లోని యువకులకే సరంగు శిక్షణలో మొదటి చోటు ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం.

రెండోది ఖర్చు. వరద తగ్గిన ప్రతి ఏడాదీ లోతు కొలిచి, మేటలు గుర్తించి, బోయాలు కట్టే పనికి డబ్బు ఎవరిది? కేంద్ర జలమార్గాల సంస్థదా, నీటిపారుదల శాఖదా, టికెట్లమ్మే పర్యాటక శాఖదా? శంకుస్థాపనకు ముందుకొచ్చినంత తొందరగా ఏటేటా చేయాల్సిన పనికి ఎవరూ రారు. దుమ్ముగూడెం పని ఆగడానికి ఏటేటా పెరిగే ఆ ఖర్చూ ఒక కారణమే.

మూడోది అధికారం. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలంలో బసచేసిన యాత్రికుడు పాపికొండలకు పడవెక్కేది పోచవరంలో, అంటే పక్క రాష్ట్రంలో. వరద సంగతి ముందుగా తెలిసేది తెలంగాణలోని భద్రాచలం గేజికి, పడవ ఆపాల్సింది ఆంధ్రప్రదేశ్ అధికారి. ఆ గేజి ఎంత చూపితే పోచవరం రేవులో తాళ్లు విప్పకూడదో, ఆ మాట చెప్పాల్సింది ఎవరో రెండు రాష్ట్రాలూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవలసి ఉంది.